ప్రభుత్వ బాండ్లకు గిరాకీ: విదేశీ మదుపుదారుల పాత్ర ఎంత?

ప్రత్యేక వ్యాసం

భారత ప్రభుత్వ బాండ్లు 2024 జూన్ 28న జె.పి.మోర్గాన్ సంస్థ నిర్వహించే వర్ధమాన దేశాల ప్రభుత్వ బాండ్ల సూచీలో చేరాయి. నెలకు ఒక శాతం చొప్పున పెరుగుతూ వచ్చిన ఆ వాటా 2025 మార్చి నాటికి గరిష్ఠ పరిమితి అయిన 10 శాతానికి చేరింది. 2025 జనవరి నుండి బ్లూమ్‌బర్గ్ సంస్థ, అదే సంవత్సరం సెప్టెంబరు నుండి ఎఫ్.టి.ఎస్.ఇ. రస్సెల్ సంస్థ తమ తమ వర్ధమాన దేశాల సూచీలలో మన బాండ్లను దశలవారీగా చేర్చడం ప్రారంభించాయి. దేశ ఆర్థిక వ్యవస్థపై అంతర్జాతీయంగా పెరిగిన విశ్వాసానికి ఇది నిదర్శనమనడంలో సందేహం లేదు.

అయితే ఈ పరిణామాల దరిమిలా ఒక అభిప్రాయం పత్రికా రచనలోనూ, కార్యాలయ నివేదికలలోనూ బలంగా నాటుకొన్నది. ప్రభుత్వ బాండ్లకు ఇప్పుడున్న గిరాకీ ప్రధానంగా విదేశీ మదుపుదారుల వల్లనే ఏర్పడిందనీ, వారు కొంటేనే వడ్డీ తగ్గుతుందనీ, వారు అమ్మితే ప్రభుత్వానికి అప్పు పుట్టదనీ ఆ అభిప్రాయ సారాంశం. ఇది ఎంతవరకు వాస్తవం? ప్రభుత్వానికి అప్పు ఇస్తున్నది నిజంగా ఎవరు? ఈ ప్రశ్నకు సమాధానం అధికారిక గణాంకాలలోనే ఉన్నది. దానిని పాత్రికేయుల, అధికారుల దృష్టికి తీసుకురావడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రుణదాతలు ఎవరు?

కేంద్ర ప్రభుత్వం జారీ చేసి ఇంకా తీర్చవలసి ఉన్న బాండ్ల మొత్తం విలువ 100 లక్షల కోట్ల రూపాయలు దాటింది. వీటిని ఎవరెవరు ఎంతెంత భాగం కలిగి ఉన్నారో తెలిపే పట్టికను ఆర్థిక మంత్రిత్వ శాఖ, రిజర్వు బ్యాంకు మూడు నెలలకొకసారి వెల్లడిస్తాయి. 2024 మార్చి నెలాఖరు నాటి లెక్కల ప్రకారం, అంటే సూచీలో చేరికకు మూడు నెలల ముందు, వాణిజ్య బ్యాంకుల వాటా సుమారు 38 శాతం. బీమా సంస్థల వాటా 26 శాతం. రిజర్వు బ్యాంకు వాటా 12 శాతం పైచిలుకు. భవిష్య నిధి సంస్థల వాటా దాదాపు నాలుగున్నర శాతం. మ్యూచువల్ ఫండ్ల వాటా మూడు శాతం లోపు. మిగిలినది సహకార బ్యాంకులు, ఆర్థిక సంస్థలు, కంపెనీలు తదితరులది. విదేశీ పోర్ట్‌ఫోలియో మదుపుదారుల వాటా రెండున్నర శాతానికి కూడా చేరలేదు.

సూచీలలో చేరిక పూర్తవుతూ వచ్చిన తరువాత ఈ వాటా మూడు శాతం దరిదాపులకు చేరింది. పెరుగుదల ఉన్న మాట నిజమే. కాని వంద రూపాయల ప్రభుత్వ రుణంలో విదేశీయులు సమకూర్చినది మూడు రూపాయలు మాత్రమేననీ, మిగిలిన 97 రూపాయలు ఈ దేశంలోని సంస్థలే సమకూర్చాయనీ మరువరాదు.

గతంతో పోల్చి చూచినా ఇదేమీ అపూర్వమైన స్థాయి కాదు. 2007 మార్చిలో విదేశీ సంస్థాగత మదుపుదారుల వాటా 0.2 శాతం లోపే. ఆ తరువాత పరిమితులను క్రమంగా సడలించడంతో 2018 ప్రారంభం నాటికి అది నాలుగున్నర శాతం వరకు పెరిగింది. అక్కడి నుండి తగ్గుముఖం పట్టి 2021 మార్చికి రెండు శాతం లోపునకు, 2023 మార్చికి ఒకటిన్నర శాతం లోపునకు దిగివచ్చింది. ఈ అయిదేళ్లలో ప్రభుత్వ రుణ సేకరణ ఏనాడూ ఆగలేదు. పైగా రెట్టింపునకు మించి పెరిగింది. 2017-18లో సుమారు 6 లక్షల కోట్ల రూపాయలుగా ఉన్న కేంద్రం స్థూల మార్కెట్ రుణం 2022-23లో 14 లక్షల కోట్ల రూపాయలు దాటింది. విదేశీ వాటా తరుగుతున్న కాలంలోనే ప్రభుత్వ అప్పు ఇంతగా పెరిగిందంటే ఆ అప్పును కొన్నవారు వేరెవరో అయి ఉండాలి.

గిరాకీ పుట్టే తీరు

ఆ వేరెవరో ఎవరన్నది తెలుసుకోవడానికి మన బ్యాంకుల పనితీరును గమనించాలి. బ్యాంకులు తాము స్వీకరించే డిపాజిట్లు తదితర బాధ్యతలలో ఒక నిర్ణీత భాగాన్ని ప్రభుత్వ బాండ్లు, బంగారం, నగదు రూపంలో తప్పనిసరిగా ఉంచుకోవాలి. దీనినే ఎస్.ఎల్.ఆర్. అంటారు. ఆర్థిక సంస్కరణల తొలినాళ్లలో ఇది 38.5 శాతం. 1997 అక్టోబరు నాటికి 25 శాతానికి తగ్గింది. 2020 ఏప్రిల్ నుండి 18 శాతంగా ఉన్నది. డిపాజిట్లు పెరిగే కొద్దీ ఈ నిబంధన మేరకు బ్యాంకులు కొనవలసిన బాండ్లు కూడా పెరుగుతాయి. ఇక్కడ గమనించవలసిన మరో విషయం ఉన్నది. బ్యాంకులు 18 శాతంతో ఆగడం లేదు. అంతకు బాగా మించి బాండ్లను అట్టిపెట్టుకొంటున్నాయి. అత్యవసర నగదు అవసరాలకు తగిన ఆస్తులు చేతిలో ఉండాలన్న మరో నిబంధన ఇందుకు ఒక కారణం. రుణాలకు గిరాకీ మందగించిన వేళ సొమ్మును భద్రంగా ఉంచడానికి ఇంతకు మించిన చోటు లేకపోవడం మరో కారణం.

జీవిత బీమా సంస్థల విషయంలోనూ ఇదే ధోరణి. పాలసీదారుల నిధులలో కనీసం సగం ప్రభుత్వ, ఆమోదిత బాండ్లలో మదుపు చేయాలన్నది నియంత్రణ నిబంధన. ఇరవై, ముప్ఫై ఏళ్ల తరువాత చెల్లించవలసిన పాలసీలకు దీటుగా అంతే దీర్ఘకాల ఆస్తులు వాటికి అవసరం. ముప్ఫై, నలభై, యాభై ఏళ్ల గడువు గల ప్రభుత్వ బాండ్లకు ముఖ్యమైన కొనుగోలుదారులు వారే. ఉద్యోగుల భవిష్య నిధి, పింఛను నిధులది కూడా ఇదే మార్గం. ఒక ఉపాధ్యాయుడి జీతంలో ప్రతి నెలా కోత పడే సొమ్ము, ఒక రైతు చెల్లించే బీమా కిస్తీ, ఒక చిరువ్యాపారి వేసే ఫిక్స్‌డ్ డిపాజిట్ ఇవన్నీ చివరకు చేరుతున్న చోటు ప్రభుత్వ బాండ్లే.

ఈ గిరాకీకి రెండు లక్షణాలున్నాయి. ఒకటి, అది ఏటేటా డిపాజిట్లతో, కిస్తీలతో పాటు పెరుగుతుంది. రెండు, అది డాలరు విలువను బట్టి, అమెరికా వడ్డీ రేట్లను బట్టి ఒక్క రోజులో వచ్చి ఒక్క రోజులో పోయేది కాదు. విదేశీ మదుపుదారుల గిరాకీకి ఈ రెండు లక్షణాలూ లేవు.

సూచీలో చేరిక: అంచనాలు, వాస్తవాలు

విదేశీ మదుపుదారులు పరిమాణ నియంత్రణ లేకుండా కొనుగోలు చేసేందుకు కొన్ని ఎంపిక చేసిన కేంద్ర బాండ్లను పూర్తి ప్రవేశ మార్గం పేరుతో 2020 మార్చి 30న రిజర్వు బ్యాంకు అందుబాటులోకి తెచ్చింది. దీనిని 2020-21 కేంద్ర బడ్జెట్‌లోనే ప్రకటించారు. జె.పి.మోర్గాన్ సూచీలో చోటు దక్కినది ఈ మార్గంలోని బాండ్లకే. చేరిక విషయాన్ని ఆ సంస్థ 2023 సెప్టెంబరు 21న ప్రకటించింది. దీని వల్ల 20 నుండి 25 బిలియన్ డాలర్ల వరకు నిధులు వస్తాయని అప్పట్లో మార్కెట్ వర్గాలు అంచనా వేశాయి.

ఈ అంచనాను రూపాయలలోకి మార్చి చూద్దాం. డాలరుకు 85 రూపాయల లెక్కన 25 బిలియన్ డాలర్లంటే సుమారు 2 లక్షల 10 వేల కోట్ల రూపాయలు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రతిపాదించిన స్థూల మార్కెట్ రుణం 14 లక్షల 82 వేల కోట్ల రూపాయలు. అంచనా వేసిన మొత్తం పూర్తిగా వచ్చిందనుకొన్నా, అది ఒక సంవత్సరపు రుణంలో ఏడో వంతు మాత్రమే. పైగా అది ఏటేటా వచ్చేది కాదు. సూచీలో మన వాటా గరిష్ఠ పరిమితికి చేరిన తరువాత ఆ సూచీని అనుసరించే నిధులు కొత్తగా కొనవలసిన అవసరం పెద్దగా ఉండదు. ఇల్లు మారినప్పుడు ఒకసారి కొనే సామాను వంటిదే తప్ప నెల నెలా తెచ్చుకొనే సరుకు వంటిది కాదు.

మరొక అంశం కూడా ప్రస్తావించదగినది. సూచీలో చేరిన నెల రోజులకే, 2024 జూలై 29న, కొత్తగా జారీ అయ్యే 14, 30 ఏళ్ల బాండ్లను పూర్తి ప్రవేశ మార్గం నుండి మినహాయిస్తున్నట్లు రిజర్వు బ్యాంకు తెలియజేసింది. దీర్ఘకాలిక బాండ్లకు విదేశీ గిరాకీయే ఆధారమై ఉంటే ఇటువంటి నిర్ణయం తీసుకొనేవారు కారు. ఆ కోవకు చెందిన బాండ్లకు దేశీయ బీమా, పింఛను నిధుల గిరాకీ సరిపోతుందన్న భరోసా ఇందులో స్పష్టంగా కనిపిస్తున్నది.

మూడు సందర్భాలు చెప్పే సాక్ష్యం

వాటా చిన్నదైనంత మాత్రాన ప్రభావం చిన్నది కానక్కరలేదన్న వాదన ఒకటి ఉన్నది. అది సహేతుకమే. బాండ్ల ధరను నిర్ణయించేది పాత నిల్వలు కావు, ఆ రోజు జరిగే కొనుగోళ్లు, అమ్మకాలు. కనుక వాటాలతో సరిపెట్టక మార్కెట్ కదలికలను కూడా పరిశీలించాలి. బాండు ధర పెరిగితే దానిపై రాబడి రేటు తగ్గుతుంది, ధర తగ్గితే రాబడి పెరుగుతుంది. ప్రభుత్వం కొత్త అప్పుపై చెల్లించే వడ్డీ ఈ రాబడిని అనుసరించే ఉంటుంది. ఈ దృష్టితో మూడు సందర్భాలను చూడవచ్చు.

మొదటిది, 2020-21 సంవత్సరం. కొవిడ్ మహమ్మారి కారణంగా కేంద్రం రుణ లక్ష్యం 7 లక్షల 80 వేల కోట్ల నుండి 12 లక్షల కోట్లకు పెరిగి, చివరకు 13 లక్షల 70 వేల కోట్ల వరకు చేరింది. అదే సంవత్సరం విదేశీ మదుపుదారులు రుణపత్రాల నుండి నికరంగా వైదొలిగారు. సాధారణ అంచనా ప్రకారం వడ్డీ భారం విపరీతంగా పెరగవలసి ఉండగా, ఆ సంవత్సరం కేంద్రం సేకరించిన రుణంపై సగటు వడ్డీ 5.79 శాతానికి తగ్గింది. అది దశాబ్దంన్నర కాలంలో కనిష్ఠ స్థాయి. రుణాలకు గిరాకీ లేక బ్యాంకుల వద్ద పేరుకొన్న డిపాజిట్లు, రిజర్వు బ్యాంకు బహిరంగ మార్కెట్‌లో నికరంగా కొనుగోలు చేసిన 3 లక్షల కోట్లకు పైబడిన బాండ్లు ఇందుకు కారణం.

రెండవది, 2023 సెప్టెంబరు, అక్టోబరు నెలలు. సూచీలో చేరిక ప్రకటన వెలువడిన మరుసటి రోజు ఉదయం పదేళ్ల బాండు రాబడి కొంత తగ్గి, సాయంత్రానికి తిరిగి పెరిగి ముగిసింది. రెండు వారాల తరువాత, అక్టోబరు 6న, వ్యవస్థలోని అదనపు నగదును తగ్గించేందుకు బాండ్లను అమ్మవలసి రావచ్చునని రిజర్వు బ్యాంకు తన ద్రవ్య విధాన ప్రకటనలో సూచించింది. ఆ ఒక్క రోజే రాబడి 0.10 శాతానికి పైగా పెరిగింది. దశాబ్దకాలంగా ఎదురు చూచిన విదేశీ సూచీ వార్త కన్నా, రిజర్వు బ్యాంకు అమ్మవచ్చునన్న ఒక్క వాక్యమే మార్కెట్‌ను ఎక్కువగా కదిలించింది.

మూడవది, 2025 ఏప్రిల్. అమెరికా సుంకాల ప్రకటనలతో అంతర్జాతీయ మార్కెట్లు ఒడిదుడుకులకు లోనైన ఆ నెలలో విదేశీ మదుపుదారులు పూర్తి ప్రవేశ మార్గంలోని బాండ్లను నికరంగా అమ్మివేశారు. అయినప్పటికీ ఆ నెలలో రాబడి తగ్గింది, అంటే బాండ్ల ధర పెరిగింది. ఏప్రిల్‌లో లక్షా 20 వేల కోట్ల రూపాయలు, మే నెలకు లక్షా 25 వేల కోట్ల రూపాయల మేరకు బాండ్లను కొనుగోలు చేయనున్నట్లు రిజర్వు బ్యాంకు ప్రకటించడం, ఏప్రిల్ 9న రెపో రేటును 6 శాతానికి తగ్గించడం ఇందుకు దోహదం చేశాయి. సూచీ చేరిక వల్ల రాగలవని అంచనా వేసిన మొత్తం విదేశీ నిధుల కన్నా, ఈ రెండు నెలల కొనుగోలు ప్రకటనలే అధికం కావడం గమనార్హం.

ఇందుకు మరో వైపు ఉదాహరణ కూడా అదే సంవత్సరంలో లభిస్తుంది. బీమా, పింఛను నిధుల నుండి దీర్ఘకాలిక బాండ్లకు గిరాకీ మందగించడంతో వాటి రాబడి పెరిగింది. 2025 సెప్టెంబరులో ద్వితీయార్ధపు రుణ ప్రణాళికను ప్రకటించినప్పుడు కేంద్రం ముప్ఫై ఏళ్లు, అంతకు మించిన గడువు గల బాండ్ల వాటాను తగ్గించింది. ప్రభుత్వం తన ప్రణాళికను సవరించుకొన్నది దేశీయ సంస్థల మనసెరిగి తప్ప విదేశీయుల కోసం కాదు.

విదేశీ ప్రభావం ఎక్కడ ఉన్నది?

ఇంతమాత్రాన విదేశీ మదుపుదారులకు ఏ ప్రాముఖ్యమూ లేదనుకోవడం కూడా పొరపాటే. వారి ప్రభావం గిరాకీ పరిమాణంలో కన్నా రూపాయి మారకం విలువలో ఎక్కువగా కనిపిస్తుంది. 2013 అనుభవం ఇందుకు తార్కాణం. బాండ్ల కొనుగోళ్లను తగ్గించే అవకాశమున్నదని అమెరికా కేంద్ర బ్యాంకు అధిపతి ఆ సంవత్సరం మే 22న సూచించిన తరువాత మన రుణ మార్కెట్ నుండి విదేశీ నిధులు పెద్దయెత్తున తరలిపోయాయి. అప్పటికి ప్రభుత్వ బాండ్లలో వారి వాటా రెండు శాతం లోపే. అయినా ఆగస్టు 28న రూపాయి విలువ డాలరుకు 68.85 వరకు పడిపోయింది. రూపాయిని నిలబెట్టేందుకు రిజర్వు బ్యాంకు జూలై 15న బ్యాంకుల అత్యవసర రుణాలపై వడ్డీని 10.25 శాతానికి పెంచవలసి వచ్చింది. మే నెలలో 7 శాతం చేరువలో ఉన్న పదేళ్ల బాండు రాబడి ఆగస్టులో 9 శాతం దాటింది.

ఈ ఉదంతాన్ని జాగ్రత్తగా చదవాలి. విదేశీయులు వదిలివెళ్లిన బాండ్లను కొనేవారు లేక వడ్డీ పెరగలేదు. వారు వెళ్లిపోవడం వల్ల రూపాయి దెబ్బతిన్నది, రూపాయిని కాపాడేందుకు వడ్డీ పెంచవలసి వచ్చింది. అనగా విదేశీ మదుపుదారు ప్రభుత్వానికి అప్పు ఇచ్చే శక్తిగా కన్నా, మారకపు విలువను కదిలించే శక్తిగా ముఖ్యుడు.

ఇండోనేషియా అనుభవం దీనిని మరింత విశదం చేస్తుంది. 2019 చివరి నాటికి ఆ దేశ కరెన్సీలో జారీ అయిన ప్రభుత్వ బాండ్లలో విదేశీయుల వాటా 38 శాతానికి పైగా ఉండేది. 2020 మార్చిలో వారు ఒక్కుమ్మడిగా అమ్మడంతో అక్కడి కరెన్సీ, బాండ్ల ధరలు రెండూ కుదేలయ్యాయి. ఆ తరువాత అక్కడి బ్యాంకులు, కేంద్ర బ్యాంకు ఆ స్థానాన్ని భర్తీ చేశాయి. కొన్నేళ్లకు విదేశీ వాటా 15 శాతం పరిసరాలకు తగ్గింది. అక్కడ విదేశీ గిరాకీ నిజంగానే బాండ్ల మార్కెట్‌ను నడిపించింది. అందుకే అది తొలగినప్పుడు దెబ్బ కూడా గట్టిగా తగిలింది. మన పరిస్థితి అది కాదు.

అలాగని దేశీయ రుణదాతలుంటే చాలు, ప్రమాదం లేదని కూడా అనలేము. 2022 సెప్టెంబరులో బ్రిటన్ ప్రభుత్వ బాండ్లు కుప్పకూలినప్పుడు అమ్మకాలకు దిగినవి ఆ దేశపు పింఛను నిధులే. సెప్టెంబరు 28న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ జోక్యం చేసుకొని బాండ్లు కొంటే గాని పరిస్థితి చక్కబడలేదు. రుణదాత స్వదేశీయా, విదేశీయా అన్నదానితో పాటు, ఆ రుణదాత ఏ ఒత్తిడిలో అమ్మవలసి వస్తుందన్నది కూడా తెలిసి ఉండాలి.

రాష్ట్రాల మాట

ఈ విషయంలో రాష్ట్రాలకు, ప్రత్యేకించి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలకు సంబంధించిన కోణం తరచుగా విస్మరణకు గురవుతున్నది. రాష్ట్రాలు కూడా రిజర్వు బ్యాంకు నిర్వహించే వేలం ద్వారా బాండ్లు జారీ చేసి అప్పు తీసుకొంటాయి. 2006-07 నుండి ఈ రుణ సేకరణ పూర్తిగా వేలం పద్ధతిలోనే జరుగుతున్నది. ఇటీవలి సంవత్సరాలలో రాష్ట్రాలన్నీ కలిసి ఏటా 10 లక్షల కోట్ల రూపాయలకు పైగా స్థూల రుణాన్ని ఈ విధంగా సమీకరిస్తున్నాయి.

అంతర్జాతీయ సూచీలలో చేరినవి కేంద్ర బాండ్లు మాత్రమే. రాష్ట్రాల బాండ్లు పూర్తి ప్రవేశ మార్గంలో లేవు. విదేశీ మదుపుదారులు రాష్ట్రాల బాండ్లలో మొత్తం నిల్వలో రెండు శాతం వరకు కొనవచ్చునన్న అవకాశం ఉన్నప్పటికీ, అందులో వారు వినియోగించుకొంటున్నది నామమాత్రం. అంటే రాష్ట్రాల అప్పు దాదాపు సంపూర్ణంగా దేశీయ పొదుపు నుండే వస్తున్నది. రాష్ట్రాలు కేంద్రం కన్నా కొంత ఎక్కువ వడ్డీ చెల్లించవలసి వస్తుంది. ఆ వ్యత్యాసం ఎంత ఉంటుందన్నది న్యూయార్క్, లండన్ నగరాలలోని నిధుల నిర్వాహకులపై కాక, మన బ్యాంకుల వద్ద ఎంత సొమ్ము ఉన్నది, బీమా సంస్థలు ఎంత మేరకు కొనగలవు, అదే వారం ఇతర రాష్ట్రాలు ఎంత అప్పుకు వస్తున్నాయి అన్న విషయాలపై ఆధారపడి ఉంటుంది.

కేంద్ర బాండ్లను విదేశీయులు కొంటే ఆ మేరకు దేశీయ సంస్థల వద్ద రాష్ట్రాల బాండ్లకు సొమ్ము మిగులుతుందన్న వాదన ఉన్నది. సూత్రరీత్యా అది సరైనదే. కాని పైన చూపిన పరిమాణాలను బట్టి ఆ ప్రయోజనం పరిమితమే. కనుక బడ్జెట్ అంచనాలు తయారు చేసే అధికారులు వడ్డీ వ్యయాన్ని లెక్కించేటప్పుడు విదేశీ నిధుల వార్తలను ఆధారం చేసుకోవడం క్షేమం కాదు. ఆ అంచనా పావు శాతం తప్పినా, వేల కోట్ల అప్పుపై అది ఏటా కోట్ల రూపాయల అదనపు భారంగా పరిణమిస్తుంది. ఆ భారం బాండు గడువు తీరేవరకు, పదేళ్లయినా, ఇరవై ఏళ్లయినా కొనసాగుతుంది. ఆ మేరకు పాఠశాల గదులకో, సాగునీటి కాలువల మరమ్మతులకో కేటాయింపు తగ్గుతుంది.

గణాంకాలను చదివే విధానం

ఈ వ్యాసకర్త కళాశాలలో చదివినది చరిత్ర, సాహిత్యం, ఆర్థికశాస్త్రం కాదు. ఏళ్ల క్రితం ఒక మాసపు విదేశీ కొనుగోళ్ల అంకెను చూచి "వెల్లువ" అన్న మాటతో ప్రకటన ముసాయిదా రాయగా, అది మొత్తం రుణంలో ఎంత శాతమని పై అధికారి అడిగారు. సమాధానం అర శాతానికి కూడా రాలేదు. ఆ మాటను తొలగించిన తరువాతనే ప్రకటన వెలువడింది. నాటి నుండి పాటిస్తున్న కొన్ని జాగ్రత్తలు యువ పాత్రికేయులకు, పౌర సంబంధాల సిబ్బందికి ఉపకరిస్తాయన్న ఉద్దేశంతో ఇక్కడ పొందుపరచడమైనది.

మొదటిది, నిల్వను, రాకపోకలను వేరుగా చూడాలి. ఒక నెలలో 20 వేల కోట్ల విదేశీ నిధులు వచ్చాయన్నది రాకపోకల లెక్క. అది 100 లక్షల కోట్లకు మించిన నిల్వలో ఎంత అన్నది వేరే లెక్క. వార్తలో రెండూ ఉండాలి.

రెండవది, రుణమార్కెట్‌లోకి వచ్చిన విదేశీ నిధులన్నీ ప్రభుత్వ బాండ్లలోకి వచ్చినవి కావు. అందులో కంపెనీల బాండ్లు కూడా ఉంటాయి. పూర్తి ప్రవేశ మార్గం, సాధారణ పరిమితి, స్వచ్ఛంద నిలుపుదల మార్గం అన్న మూడు పద్దుల వివరాలు వేర్వేరుగా లభిస్తాయి. వీటిని కలిపివేస్తే పాఠకుడు తప్పుదోవ పడతాడు.

మూడవది, విదేశీయుల కొనుగోళ్లలో గణనీయమైన భాగం ఇప్పటికే జారీ అయిన బాండ్లది. అటువంటి కొనుగోలు వల్ల సొమ్ము చేరేది పాత యజమానికి, ప్రభుత్వానికి కాదు. "విదేశీయులు ప్రభుత్వానికి ఇన్ని వేల కోట్లు అప్పు ఇచ్చారు" అని రాసే ముందు ఈ భేదం గుర్తుంచుకోవాలి.

నాలుగవది, రాబడి తగ్గిన రోజున కారణం ఒక్కటే అని నిర్ధారించరాదు. ఆ రోజున రిజర్వు బ్యాంకు కొన్నదా, అమ్మినదా, వ్యవస్థలో నగదు ఎంత ఉన్నది, ముడిచమురు ధర ఎటు కదిలింది, ద్రవ్యోల్బణం లెక్కలు వెలువడ్డాయా అన్నవి చూచిన తరువాతనే విదేశీ కొనుగోళ్లను ప్రస్తావించడం ఉచితం.

ముగింపు

ప్రభుత్వ బాండ్లకు గిరాకీని విదేశీ మదుపుదారులు నడిపిస్తున్నారన్న అభిప్రాయానికి అందుబాటులో ఉన్న లెక్కలు మద్దతు ఇవ్వడం లేదు. సూచీలలో చేరిక వల్ల మార్కెట్ విస్తృతి పెరిగింది, కొనుగోలుదారులలో వైవిధ్యం వచ్చింది, లావాదేవీల వ్యవస్థలు మెరుగుపడ్డాయి. ఇవి విలువైన ప్రయోజనాలే. అయితే బరువు మోస్తున్న భుజాలు మాత్రం బ్యాంకులవి, బీమా సంస్థలవి, భవిష్య నిధులవి. అవసరమైన వేళ చేయూతనిస్తున్నది రిజర్వు బ్యాంకు.

ఈ సంస్థల వెనుక ఉన్నది సామాన్య ప్రజల పొదుపు. తాము ప్రభుత్వానికి అప్పు ఇస్తున్నామన్న సంగతి కూడా వారిలో అత్యధికులకు తెలియదు. 2021 నవంబరు 12న ప్రారంభమైన రిటైల్ డైరెక్ట్ పథకం ద్వారా వ్యక్తులు నేరుగా ప్రభుత్వ బాండ్లు కొనుగోలు చేసే వీలు కలిగినా, నేటికీ వారు ఇస్తున్న అప్పులో సింహభాగం బ్యాంకు పాసు పుస్తకం, బీమా రసీదు, భవిష్య నిధి ఖాతా ద్వారానే సాగుతున్నది. ప్రభుత్వ రుణంపై వడ్డీ ఎంత ఉండాలి, ద్రవ్యోల్బణాన్ని ఎంత అదుపులో ఉంచాలి, బ్యాంకులపై నిబంధనలు ఎంత మేరకు ఉండాలి అన్న చర్చ జరిగిన ప్రతిసారీ ఈ రుణదాతను గుర్తుచేయవలసిన బాధ్యత పత్రికలపైనా, ప్రభుత్వ సమాచార యంత్రాంగంపైనా ఉన్నది. మూడు రూపాయలు ఇచ్చినవారిని గురించి రాసే వార్తలో 97 రూపాయలు ఇచ్చినవారికి కూడా ఒక వాక్యం కేటాయించడం న్యాయం.